పెదవి ఒకచోట, మాట ఒకచోట

ప్రశ్న: ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీశాం. డైలాగులు ఇంకో ఫోన్‌లో విడిగా రికార్డ్ చేశాం. ఎడిటింగ్‌లో షాట్ మొదట్లో రెండూ బాగానే కలుస్తున్నాయి, చివరికొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక. యాప్ మార్చినా అంతే. ఎందుకిలా?

షార్ట్ ఫిల్మ్‌లు తీసేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ఫిర్యాదు ఇది. చాలావరకు కారణం ఒకటే. ఫోన్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములని, అంటే 30 బొమ్మలని స్క్రీన్ మీద చూపిస్తుంది కానీ కచ్చితంగా అన్నే తీయదు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తుంది, తర్వాత మళ్లీ పెంచుతుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్‌లోని ప్లేయర్ ఏ ఫ్రేము ఏ క్షణంలో పడిందో చూసుకుని ఆడిస్తుంది కాబట్టి అక్కడ తేడా కనపడదు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుంటాయి. మాట జారిపోయేది అక్కడే.

తీసేసిన ఫుటేజ్ వృథా కాదు, టెన్షన్ పడకండి. కంప్యూటర్‌లో వేసుకునే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి క్లిప్‌నూ కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు, అంటే ప్రతి సెకనుకూ ఒకే సంఖ్యలో ఫ్రేములు ఉండేలా మార్చి, ఎడిటింగ్ ప్రాజెక్టును కూడా అదే సంఖ్యకు పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం డిలీట్ చేయొద్దు. ఇంత చేశాక కూడా పొడవాటి షాట్లలో కాస్త తేడా మిగలొచ్చు. రెండు ఫోన్ల గడియారాలు సరిగ్గా ఒకే వేగంతో నడవవు మరి. అందుకే చిన్న టేకులు తీయండి. ప్రతి టేకు మొదట్లో కెమెరాకు కనపడేలా ఒక్కసారి చప్పట్లు కొడితే కలపడం తేలిక. రెండు ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. మంచి టేకు మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోతే నటించినవాళ్ల శ్రమంతా పోతుంది.

ఈసారి నుంచి మాన్యువల్ కంట్రోల్స్ ఉన్న కెమెరా యాప్ వాడి ఫోకస్, ఎక్స్‌పోజర్, షటర్ మూడూ లాక్ చేయండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకనులో యాభయ్యో వంతు) పెట్టుకుంటే కదలిక సహజంగా ఉంటుంది, లైట్ల మిణుకు కూడా చాలావరకు పోతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 30 ఫ్రేములు, 1/60.

ప్రశ్న: ఎడిటింగ్ యాప్ ఉచితంగా వాడితే వీడియో మీద వాటర్‌మార్క్ పడుతోంది. గ్రూపులో ఒకరు ‘ప్రో అన్‌లాక్డ్’ ఫైల్ పెట్టారు. అందరూ అదే వేసుకున్నారు. నేనూ వేసుకోవచ్చా?

వద్దండీ. ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఇది ఒక్కటి వినండి. డబ్బు కట్టాల్సిన యాప్‌ను ఎవరో తెరిచి, మార్చి, మళ్లీ మూట కట్టి పంచుతున్నారంటే అందులో ఇంకేం చేర్చారో మీకు తెలిసే దారి లేదు. ఎడిటింగ్ యాప్‌కు వీడియోలు, మైక్ కావాలి. ఎస్ఎంఎస్‌లతో దానికేం పని? యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు? ఆ అనుమతి ఇచ్చారంటే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. అదే ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ ఉంది, ఓటీపీలూ అక్కడికే వస్తాయి.

డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం తీసేందుకు కంప్యూటర్‌లో వేసుకునే క్రాక్‌లు ఇంకా ప్రమాదం. ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని వాటితో పాటే రాసి పెడతారు, మనవాళ్లు చెప్పినట్టే ఆపుతారు. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అలాంటి ఫైళ్లలో దాగి వచ్చే ఒక రకం మాల్‌వేర్, బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే కుకీలను ఎత్తుకెళ్తుంది. ఆ కుకీ దొరికినవాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండంచెల ధ్రువీకరణ కూడా అడ్డు రాకపోవచ్చు. యూట్యూబ్ చానెళ్లు నడిపేవారిని ఇదే పద్ధతిలో దోచుకుంటున్నారని 2021లో గూగుల్ భద్రతా బృందం బయటపెట్టింది. అక్కడ ఎరగా వేసింది స్పాన్సర్‌షిప్ మెయిళ్లు. మీ చిన్న చానెల్‌కు నలుగురు చూసేవాళ్లు వచ్చాక అలాంటి మెయిల్ మీకూ రావచ్చు.

ఇప్పటికే వేసుకున్నవారు ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరవకండి. వీడియోలు, ఫొటోలు వేరేచోటికి కాపీ చేసి ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. నమ్మకమైన వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌లలోనూ లాగౌట్ కొట్టండి. ఎడిటింగ్‌కు కంప్యూటర్‌లో షాట్‌కట్, కెడెన్‌లైవ్ ఉన్నాయి. రెండూ ఓపెన్ సోర్స్, ఉచితం, వాటర్‌మార్క్ ఉండదు. వాటిని వాటి సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ తీయడం నేర్చుకోవాలంటే మంచి కెమెరా ఉన్న కొత్త ఫోన్ కొనాలా?

అక్కర్లేదు. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, రెండో వైపు తెల్ల దుప్పటి కట్టి చూడండి, ముఖం మీది నీడ ఎంత మెత్తబడుతుందో తెలుస్తుంది. గదిలో గొంతు మోగుతుంటే కెమెరాకు కనపడని గోడలకు మందపాటి రగ్గులు వేలాడదీయండి. డబ్బు పెట్టదలిస్తే చొక్కాకు తగిలించే చిన్న మైక్ కొనండి.

అసలు కొత్త ఫోన్లు పనిని కష్టం చేస్తున్నాయనే నా ఫిర్యాదు. ముఖం నునుపు చేస్తాయి, చీకటి గదిని పగలులా మారుస్తాయి, మీరు అడగకపోయినా రంగులు దిద్దుతాయి. ఒక్క ఫొటోకైతే సరే. సినిమాలో ఒకే సన్నివేశాన్ని రెండు వైపుల నుంచి తీస్తాం. ఒక షాట్‌లో పసుపు గోడ, తర్వాతి షాట్‌లో నీలం గోడ అయితే ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్లు ఏం చేయాలి? కష్టపడి అవన్నీ ఆపేసుకుంటే, ఒక అప్‌డేట్ వచ్చి మళ్లీ ఆన్ చేస్తుంది, లేదా ఆ స్విచ్‌నే మూడు మెనూల లోపల దాచేస్తుంది. వాడేవాళ్లు ఒకసారి వద్దన్నది వద్దన్నట్టే ఉంచడం అంత కష్టమైన పనేమీ కాదు. తయారీదారులకు అది ముఖ్యం అనిపించడం లేదు, అంతే.

కాబట్టి షూటింగ్ మొదలయ్యే ముందురోజుకే అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, చివరి షాట్ అయ్యేదాకా ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి ఉంచండి. అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మాత్రం మరవకండి, సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చేది ఆ దారిలోనే.