టావిస్టాక్ స్క్వేర్‌కి వెళ్లే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిట్టితల్లీ,

లండన్‌లో మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్లమంటావు అమ్మమ్మా అని అడిగావు కదా. టావిస్టాక్ స్క్వేర్‌కి వెళ్లు. నువ్వు చేరిన యూనివర్సిటీ కాలేజీ నుంచి నడిచిపోవచ్చు.

స్క్వేర్ అంటే మన జగదాంబ జంక్షన్ లాంటిది అనుకునేవు. నాలుగు వైపులా భవనాలు, మధ్యలో ఇనుప కమ్మీల వెనక తోట. మామయ్య దగ్గరికి వచ్చినప్పుడు నేను ముందు వేరే స్క్వేర్‌కి వెళ్లాను. గేటుకి తాళం! అక్కడ కొన్ని తోటల తాళంచెవులు చుట్టుపక్కల ఇళ్లవాళ్ల దగ్గరే ఉంటాయట. కమ్మీలు పట్టుకుని చూసి, ఉసూరుమంటూ తిరిగొచ్చాను. టావిస్టాక్ అలా కాదు, ఎవరైనా వెళ్లొచ్చు. చీకటిపడితే మాత్రం మూసేస్తారు. డిసెంబరులో నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరు.

తిన్నగా మధ్యలోకి నడు. గాంధీగారు బాసింపట్టు వేసుకుని, తల కాస్త వంచి కూర్చుని ఉంటారు. ఫ్రెడ్డా బ్రిలియంట్ అనే ఆవిడ చేసిన విగ్రహం, 1968లో పెట్టారు. 1888లో పందొమ్మిదేళ్లు కూడా నిండకుండా లా చదవడానికి ఆ ఊరు వెళ్లి, ఇంటిమీద బెంగతో ఏడ్చిన కుర్రాడే ఆయన. నీ కాలేజీలోనే పాఠాలు విన్నారు. నీకు బెంగ వచ్చిన రోజు అక్కడ కూర్చో తల్లీ.

విగ్రహం కింద దిమ్మెలో గూడు ఉంటుంది, పూలు పెట్టడానికే తొలిచారు. వంగి చూడు. నేను వెళ్లినప్పుడు వాడిన గులాబీ ఒకటి, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనం ఉన్నాయి. పూర్ణా మార్కెట్ చామంతులు ఇక్కణ్ణుంచి పంపలేను కదా, దారిలో ఏ పూలు దొరికితే అవి తీసుకెళ్లు.

దగ్గర్లోనే హిరోషిమా మృతుల కోసం 1967లో నాటిన చెర్రీ చెట్టు ఉంది. యుద్ధంలో మనిషిని చంపం అని ఎదురు నిలిచినవాళ్ల కోసం 1994లో నిలబెట్టిన పెద్ద రాయి కూడా ఉంది. దాని మీద మాటలు నిదానంగా చదువు. 2005 జూలై 7న ఈ స్క్వేర్ పక్క రోడ్డు మీదే బస్సులో బాంబు పేలి పదమూడు మంది పోయారు. వాళ్ల పేర్లు రాసిన చోట కూడా ఒక్క నిమిషం ఆగు. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

ఉడతలు కాళ్ల దగ్గరికి వచ్చేస్తాయి. బూడిదరంగువి, వీపు మీద రాముడి వేళ్ల గీతలు ఉండవు. తినడానికి ఏమీ వెయ్యకు. గొడుగు మర్చిపోకు.

వెళ్లొచ్చాక ఆ గూట్లో ఏ పూలున్నాయో నాకు రాయి.

మీ అమ్మమ్మ