వెనక టైరు లావుది వేయిద్దామనుకునేవాళ్ళకి: బండి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల, వెనక టైరు లావుగా కనపడాలి. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను, ఇంజిన్ ఆయిల్ గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చేసారి చూద్దాం.

ప్రశ్న: నాది పల్సర్ 150, 2014 మోడల్, వెనక డ్రమ్ బ్రేకు, టైరు 100/90-17. అరిగిపోయింది, ఎలాగూ మార్చాలి కదా అని 130/70-17 వేయిద్దామనుకుంటున్నా. టైర్ల షాపాయన "పట్టుద్ది తమ్ముడూ, ఏం కాదు" అంటున్నాడు, మా మెకానిక్ మాత్రం వద్దే వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఫ్రెండు దగ్గర పల్సర్ 220 బండి వెనక వీల్ ఒకటి ఉంది, అది తెచ్చి పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మెకానిక్ మాట వినండి. షాపాయన అబద్ధం చెప్పట్లేదు, ఆయన "పట్టుద్ది" అన్నది టైరు రిమ్ముకి ఎక్కుద్ది, గాలి కొడితే నిలబడుద్ది అని, అంతవరకు కరెక్టే. ఆ తర్వాత మీరు వర్షంలో గుంటూరు రోడ్డు మీద బ్రేకు కొడితే ఏమవుద్దో ఆయన చూడ్డు కదా.

ముందు టైరు మీద అంకెలు చూద్దాం. 100/90-17 అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు, రిమ్ము 17 అంగుళాలు. 17 అంగుళాలంటే 431.8 మిల్లీమీటర్లు, దానికి పైన గోడ 90, కింద గోడ 90 కలిపితే చక్రం మొత్తం ఎత్తు 612 దాకా వస్తుంది. ఇదే లెక్క 130/70-17కి వేయండి, గోడ 91, మొత్తం 614. అంటే ఎత్తులో తేడా రెండే మిల్లీమీటర్లు, చాలామంది ఇక్కడిదాకా లెక్కేసుకుని భలే కుదిరిందిరా అని టైరు కొనేస్తారు. ఎత్తు కుదిరింది నిజమే, కానీ గొడవంతా వెడల్పులో ఉంది.

మీ అల్లాయ్ రిమ్ము ఊచ మీదో లోపలి అంచు దగ్గరో 17 x ఇంత అని పోత పోసి ఉంటుంది, గుడ్డ పెట్టి మట్టి తుడిచి చూడండి. ఆ రెండో అంకె రిమ్ము లోపలి వెడల్పు, అంగుళాల్లో. 100/90 టైరుకి రెండున్నర అంగుళాల దరిదాపు రిమ్ము సరిపోతుంది. 130/70 టైరుని మాత్రం మూడున్నర అంగుళాల రిమ్ముని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు, మరీ తక్కువంటే మూడు. మూడు అంగుళాలకి తగ్గిన రిమ్ము మీద దాన్ని ఎక్కిస్తే లావు దిండుకి చిన్న గలీబు తొడిగినట్టే, పక్క గోడలు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం గుండ్రంగా పైకి లేస్తుంది. అప్పుడు రోడ్డుకి తగిలేది ఆ మధ్య గీత ఒక్కటే. డబ్బులు పెట్టి 130 కొన్నారు, నేల మీద ఆనేది మాత్రం మీరనుకున్నంత ఉండదు, పైగా మధ్యలో త్వరగా అరిగి అంచులు కొత్తగా అలాగే ఉండిపోతాయి. ఇలా అరిగిన టైర్లు ఏ పంక్చర్ షాపు ముందైనా కుప్పలో కనపడతాయి, వెళ్ళి చూడండి, చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

ఇంకోటి, లావు టైరుంటే మలుపుల్లో బాగా పడుకోబెట్టొచ్చు అని అందరూ అంటారు కదా, అసలు విషయం వేరే. బండి వంగినప్పుడు రోడ్డుకి ఆనే చోటు టైరు మధ్యలోంచి పక్కకి జరుగుతుంది, టైరు ఎంత లావుంటే అంత ఎక్కువ జరుగుతుంది, అందుకని అదే మలుపుని అదే స్పీడులో తిరగాలంటే సన్న టైరు కన్నా లావు టైరు బండిని ఇంకాస్త ఎక్కువ వంచాలి. పెద్ద బళ్ళకి లావు టైర్లు ఇచ్చేది వాటి పవర్‌ని తట్టుకోడానికి. పద్నాలుగు, పదిహేను హార్స్‌పవర్ బండికి 130 టైరు అవసరం లేదు, అది చూపుకే, చూపుకి వేయించుకుంటే తప్పని నేను అనను కానీ గ్రిప్పు కోసమని మాత్రం మనల్ని మనం మోసం చేసుకోవద్దు.

ఇక సందుల సంగతి. చక్రానికి ఎడమ పక్క చైన్, చైన్ కవరు, కుడి పక్క బ్రేకు డ్రమ్ము నుంచి వచ్చే రాడ్డు, ముందు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని పైకీ కిందకీ ఆడే చట్రం) అడ్డపట్టీ, పైన మడ్‌గార్డ్. బండి సెంటర్ స్టాండ్ వేసి ఇప్పుడున్న టైరుకీ చైన్‌కీ మధ్య ఎంత సందుందో స్కేలు పెట్టి కొలవండి. 130 అంటే ఒక్కో పక్క 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది పోగా ఇంకా చిటికెన వేలు దూరేంత సందు మిగలాలి, ఎందుకంటే స్పీడులో టైరు కొద్దిగా ఉబ్బుతుంది, గుంతలో పడితే స్వింగ్ ఆర్మ్ కదులుతుంది, చైన్ లూజైతే పక్కకి ఊగుతుంది. ఇంకో తిరకాసు ఉంది, చైన్ కొత్తగా ఉన్నప్పుడు చక్రం ముందుకి ఉంటుంది, అరిగేకొద్దీ వెనక్కి లాగుతారు, కాబట్టి కొత్త చైన్ వేసిన రోజున సందు చూసుకోండి, పాత చైన్ మీద చూసుకుని బాగుందనుకుంటే చైన్ మార్చగానే టైరు అడ్డపట్టీకి రాసుకుంటుంది.

మరి అసలు ఏమీ పెంచుకోకూడదా అంటే, ఒక్క మెట్టు ఎక్కొచ్చు, రిమ్ము ఒప్పుకుంటే. 110 సైజుల్లో ఏదైనా, లేదా 120/80-17. ఈ రెండోదాని ఎత్తు 624 వస్తుంది, అంటే ఇప్పటి కన్నా రెండు శాతం ఎక్కువ, పికప్ పిసరంత తగ్గినట్టు అనిపిస్తుంది, మీ మీటరు రీడింగు ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి అది మారదు. దానికీ రెండున్నర, రెండు ముప్పావు అంగుళాల రిమ్ము ఉండాలి, టైరు కంపెనీ చార్టులో ఆ టైరుకి ఎంత రిమ్మని రాశారో చూసి కొనండి, షాపులో అడిగితే చూపిస్తారు, చూపించకపోతే వేరే షాపుకి పోండి.

ఇక్కడ బజాజ్ వాళ్ళు ఏం చేశారో చెప్తే మీకు బాగా అర్థమవుతుంది. 2018లో పల్సర్ 150కి ట్విన్ డిస్క్ మోడల్ తెచ్చినప్పుడు వెనక 120/80-17 ఇచ్చారు, కానీ టైరు ఒక్కటే మార్చి వదిలెయ్యలేదు, ముందు టైరు 90/90-17 చేశారు, ముందు ఫోర్కు రాడ్లు 37 మిల్లీమీటర్ల లావువి పెట్టారు, రెండు చక్రాల మధ్య దూరం కూడా 1320 నుంచి 1345 మిల్లీమీటర్లకి పెంచారు. టైరు 20 మిల్లీమీటర్లు లావు చేయడం కోసం ఫ్యాక్టరీ వాళ్ళు ఇంత మార్చుకున్నారు, మనం సాయంత్రం ఓ గంటలో పని అయిపోవాలంటాం.

220 వీల్ విషయం. అది డిస్క్ వీల్, మీది డ్రమ్ము. వీల్ ఒక్కటి తెస్తే సరిపోదు, డిస్కుని పట్టే కాలిపర్, దానికి ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్, బ్రేకు పెడల్, అసలు స్వింగ్ ఆర్మ్‌తో సహా వెనక సెట్టంతా తెచ్చుకోవాలి. కొంతమంది లేత్ మీద బూషులు (యాక్సిల్‌కి తొడిగే గొట్టం ముక్కలు) తిప్పించి యాక్సిల్‌కి సర్ది బిగిస్తారు, విజయవాడ ఆటోనగర్‌లో బూషు తిప్పడం పెద్ద పనేం కాదు, కానీ అది రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా వెనక స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ళ చక్రం) ముందుదానికి సూటిగా ఉండదు. ఇలాంటి బండి ఎవరిదైనా ఉంటే వెనక స్ప్రాకెట్ పళ్ళు చూడండి, రెండు పక్కలా సమానంగా కాకుండా ఒక పక్కే కోసుకుపోయి వెండిలా మెరుస్తుంటాయి, చైన్ లైను తప్పిందని అదే గుర్తు. అలా చేయించుకోవాలంటే పని తెలిసినవాళ్ళతో మొత్తం సెట్టు మార్పించండి, బిగించాక ఒక పొడుగాటి దారం వెనక టైరు రెండు అంచులకి ఆనించి ముందు టైరు దాకా లాగి పట్టుకోండి, ముందు టైరుకి అటూ ఇటూ సందు సమానంగా రావాలి. రాకపోతే చక్రం పక్కకి కూర్చున్నట్టే, డబ్బులు ఇవ్వకండి.

ప్రశ్న: పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది, స్పోక్ వీల్స్, వెనక 110/90-18. బుల్లెట్ అంటే వెనక బరువుగా కనపడాలి కదా అన్నా, 140 పడుతుందా?
– కరీంనగర్ నుంచి

జవాబు: 140 వద్దు తమ్ముడూ. 140కి నాలుగు అంగుళాల రిమ్ము కావాలి, అది మీ స్వింగ్ ఆర్మ్ మధ్య తిరగాలి కదా, చైన్ ఒప్పుకోదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌కి కంపెనీయే వెనక 120/80-18 ఇచ్చింది, మీరూ అక్కడిదాకా వెళ్ళి ఆగండి. ఎత్తు లెక్క చూస్తే మీది 655, అది 649, పెద్ద తేడా లేదు. షాపులో 120/90-18 కూడా కనపడుతుంది, లావుగా బాగుంటుంది, కానీ దాని ఎత్తు 673, అంటే పైకి తొమ్మిది మిల్లీమీటర్లు మడ్‌గార్డ్ వైపు పెరుగుద్ది, వెనక మనిషిని ఎక్కించుకుని గుంతలో దించితే తెలుస్తుంది.

స్పోక్ వీల్ కాబట్టి మీకో వెసులుబాటు ఉంది, అదే హబ్బుకి (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగానికి) కొంచెం వెడల్పు రిమ్ము కొని స్పోకులు అల్లించుకోవచ్చు. పాత రిమ్ముకి ఎన్ని రంధ్రాలు ఉన్నాయో లెక్కపెట్టి కొత్తదానికీ అన్నే ఉన్నది తీసుకోండి, స్పోకులు పాతవి వాడొద్దు, రిమ్ము మారితే పొడుగు కూడా మారొచ్చు. అల్లడం వచ్చినవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు, అద్దకం పనిలా అది చేతి మీద ఉంటుంది, పాత సైకిల్ షాపుల దగ్గర అడిగితే ఎవరో ఒక పెద్దాయన దొరుకుతాడు. అల్లించాక కొన్నాళ్ళు తిప్పి మళ్ళీ ఒకసారి స్పోకులు బిగించుకోవాలి, వదులవుతాయి. టైరు మీద ట్యూబ్‌లెస్ అని రాసున్నా స్పోక్ రిమ్ముకి లోపల ట్యూబు వేయాల్సిందే, అది కూడా కొత్త సైజు ట్యూబే, పాత సన్న ట్యూబుని లావు టైరులో సాగదీస్తే పలచబడి ఎండాకాలంలో పేలుద్ది.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీకి స్ప్లెండర్ మీద పోతడు. ఈ మధ్య వెనక లావు టైరు ఏయించిండు, టైరు మీద 100/90-18 అని ఉన్నది. నేను వెనక కూసుంటే స్పీడ్ బ్రేకర్ కాడ గర్రుమని సప్పుడొస్తది, రబ్బరు కాలిన వాసన కూడా. ఏం గాదు అమ్మా అంటడు. ఏం గాదా?
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అవుతుందమ్మా, మీ అనుమానం కరెక్టే. ఆ బండికి కంపెనీ ఇచ్చేది 80/100-18, దాని ఎత్తు 617, ఇప్పుడు వేయించింది 637, అంటే పైకి సెంటీమీటరు పెరిగింది. ఒక్కడే పోయినప్పుడు వినపడదు, ఇద్దరు కూర్చుంటే షాక్ అబ్సార్బర్లు దిగి టైరు పోయి మడ్‌గార్డ్‌కి తగులుతుంది. బండి ఆపి టార్చ్ లైటు పట్టుకుని మడ్‌గార్డ్ లోపల చూడమనండి, మట్టి అంతా పోయి ఒక చోట నున్నగా మెరుస్తూ ఉంటుంది, తగులుతున్నది అక్కడే. చాలా బళ్ళకి వెనక లైటు వైరు ఆ మడ్‌గార్డ్ లోపలి నుంచే పోతుంది, అది రాసుకుని తెగితే రాత్రి వెనక లైటు, బ్రేకు లైటు రెండూ ఉండవు, వెనక వచ్చే లారీవాడికి మీరు కనపడరు. వాడి మీద కోప్పడకండి, వారం రోజులు వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దని చెప్పి పాత సైజు టైరు వేయించండి, తీసేసిన టైరు కొత్తదే కాబట్టి షాపులో కొంత డబ్బు వెనక్కి వస్తుంది.

ప్రశ్న: లావు టైరు వేస్తే పోలీసులు ఆపుతారా? ఇన్సూరెన్స్ పోతుందా?
– మదనపల్లె

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి సవరణ చేసి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అన్నారు. ఒక మెట్టు లావు టైరుని రోడ్డు మీద ఎవరూ స్కేలు పెట్టి కొలవరు, ఎక్కువగా సైలెన్సర్ చప్పుడుకే ఆపుతారు. కానీ స్వింగ్ ఆర్మ్ కోసి, చక్రం మార్చిన బండి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూస్తాడు, క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఇవ్వండి.

ప్రశ్న: వెనక తీసిన టైరు ఇంకా బాగుంది, ముందు వేసుకోవచ్చా?
– నల్గొండ

జవాబు: వద్దు. ముందు టైరు మీద గాడులు వేరే, బ్రేకు పడినప్పుడు బరువంతా దాని మీదకే వస్తుంది. కొత్తది కొనేటప్పుడు పక్కన నాలుగు అంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది అని, అలాగే బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉండేలా ఎక్కించమనండి, తొందరలో తిరగేసి ఎక్కించేవాళ్ళు ఉంటారు, దగ్గరుండి చూసుకోండి.