బేస్‌బాల్‌లో మ్యాచ్ డ్రా అవుతుందా?

టెస్ట్ క్రికెట్‌లో లాగా బేస్‌బాల్‌లో కూడా ఎవరూ గెలవకుండా మ్యాచ్ ముగుస్తుందా అని అడిగారు. ఇప్పుడు దాదాపు ఉండదు. వందేళ్ల కిందట మాత్రం చీకటి పడితే ఆట అక్కడితో ఆపేసేవారు. అలా ఆగిన వాటిలో అన్నిటికన్నా పెద్ద మ్యాచ్ జరిగిన చోట నేను రెండేళ్లు తిరిగాను.

బోస్టన్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసేటప్పుడు రోజూ నికర్సన్ ఫీల్డ్ పక్కనుంచే వెళ్లేవాణ్ణి. ఒకరోజు స్టాండ్ వెనకాల ఒక ఫలకం కనబడింది. ఇప్పుడు అట్లాంటాలో ఉన్న బ్రేవ్స్ జట్టు ఒకప్పుడు ఆడిన బ్రేవ్స్ ఫీల్డ్ ఇదే! ఆ రాత్రి రూమ్‌కి వెళ్లి దాని గురించే చదువుతూ కూర్చున్నాను.

1920 మే 1, శనివారం. బోస్టన్ బ్రేవ్స్, బ్రూక్లిన్ రాబిన్స్ ఆడుతున్నాయి. మామూలుగా 9 ఇన్నింగ్స్ (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి, మూడు ఔట్లయితే ఆ వంతు అయిపోయినట్టే), స్కోరు సమమైతే ఒక్కో ఇన్నింగ్స్ పెంచుకుంటూ పోతారు. బ్రూక్లిన్ ఐదో ఇన్నింగ్స్‌లో ఒక రన్ చేసింది, బోస్టన్ ఆరో దాంట్లో ఒకటి చేసింది. ఆ తర్వాత ఇంకో 20 ఇన్నింగ్స్ ఆడినా ఎవరికీ ఒక్క రన్ రాలేదు. మొత్తం 26 ఇన్నింగ్స్, 1-1.

నన్ను కదిలించింది స్కోరు కాదు, పిచర్లు, అంటే మన బౌలర్ల లాంటివాళ్లు. బ్రూక్లిన్ తరఫున లియాన్ కడోర్, బోస్టన్ తరఫున జో ఎష్గర్, 26 ఇన్నింగ్స్ మొత్తం ఆ ఇద్దరే వేశారు. ఈ రోజుల్లో ఒక పిచర్ 9 ఇన్నింగ్స్ పూర్తి చేస్తేనే వార్త. చివరి తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎష్గర్ ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు, అప్పటికి చెయ్యి ఎంత లాగేస్తూ ఉండాలి!

17వ ఇన్నింగ్స్ గురించి చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. బ్రూక్లిన్‌కి బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, అంటే మూడిట్లోనూ రన్నర్లున్నారు, ఒక్కరే ఔట్. బ్యాటర్ కొట్టిన బంతి ఎష్గర్ చేతికే వచ్చింది. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) హ్యాంక్ గౌడీకి విసిరాడు, ఒకడు ఔట్. గౌడీ ఫస్ట్ బేస్‌కి విసిరితే అక్కడ బంతి సరిగ్గా చిక్కలేదు. అది చూసి బ్రూక్లిన్ రన్నర్ ఎడ్ కొనెచీ ఆగకుండా హోమ్ ప్లేట్ (చేరితే రన్ వచ్చే చోటు) వైపు పరిగెత్తాడు. బంతి మళ్లీ గౌడీకి వచ్చింది, అతను ప్లేట్‌కి అడ్డంగా దూకి బంతితో కొనెచీని తాకాడు. మూడో ఔట్.

మూడు గంటల యాభై నిమిషాల తర్వాత వెలుతురు చాలక అంపైర్ ఆట ఆపేశాడు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో లైట్ల కింద తొలి మ్యాచ్ 1935లో గానీ జరగలేదు. బోస్టన్‌లో అప్పుడు ఆదివారం ఆటకు చట్టం ఒప్పుకునేది కాదు కాబట్టి రాబిన్స్ బ్రూక్లిన్ వెళ్లి ఫిలడెల్ఫియాతో 13 ఇన్నింగ్స్ ఆడి ఓడారు, సోమవారం తిరిగొచ్చి బోస్టన్ చేతిలో 19 ఇన్నింగ్స్‌లో ఓడారు. మూడు రోజుల్లో 58 ఇన్నింగ్స్, ఒక్క గెలుపు లేదు. అయినా ఆ ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌ల్లో ఒకటి) గెలిచింది వాళ్లే.

2020 నుంచి లీగ్ మ్యాచ్‌ల్లో పదో ఇన్నింగ్స్ మొదలుకొని సెకండ్ బేస్‌లో ముందే ఒక రన్నర్‌ని పెడుతున్నారు, అందుకే ఫలితం త్వరగా తేలిపోతోంది.

మా కాన్వొకేషన్ ఆ గ్రౌండ్‌లోనే జరిగింది. అమ్మా నాన్నా బ్రేవ్స్ కాలం నాటి స్టాండ్‌లోనే కూర్చున్నారు. ఈ కథంతా విని నాన్న ఒక్కటే అడిగారు, "మరి ఆ ఇద్దరి చేతులు ఏమయ్యాయిరా?" అని. ఇద్దరూ ఆ తర్వాత కూడా ఆడారు. ఎష్గర్ అయితే మరుసటి ఏడాది 20 మ్యాచ్‌లు గెలిచాడు.