హైదరాబాద్ బాలానగర్‌లో పాత లేత్ ఆపరేటర్లకు సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్) నేర్పించడం ఎలా?

చిన్న యూనిట్ ఒంటరిగా నేర్పించలేదు. మనిషిని పంపితే షిఫ్ట్ ఆగుతుంది, నేర్చుకున్నాక పక్క కంపెనీకి వెళ్లిపోతాడేమోనన్న టెన్షన్ ఒకటి. అందుకే నాలుగైదు యూనిట్లు కలిసి ఒక బ్యాచ్ పెట్టుకోవడం మేలు. ఖర్చూ పంచుకోవచ్చు, అందరి దగ్గరా నేర్చినవాళ్లుంటే ఎగరేసుకుపోవడమూ తగ్గుతుంది. బాలానగర్‌లోనే 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. ముందు వాళ్లతో మాట్లాడండి.

పాఠం మాత్రం మొదటినుంచి వద్దు. మైక్రోమీటర్‌తో వందో వంతు మిల్లీమీటర్ తేడా పట్టేవాడికి కొలతలు చెప్పడమేంటి? హ్యాండిల్ తిప్పుతూ చేసే కోతనే ప్రోగ్రామ్‌లో జీ01 అంటారని, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) విలువ ఎఫ్ పక్కన రాస్తారని చూపిస్తే ఇట్టే పట్టేస్తారు. టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొన ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే కొలత) దగ్గరే ఎక్కువ సమయం ఇవ్వాలి, అక్కడ తప్పితే టూల్ నేరుగా జాబ్‌కి, అంటే కోస్తున్న ముక్కకి, కొట్టుకుంటుంది. క్లాసు రోజులకూ కూలి ఇవ్వండి, లేకపోతే ఎవరూ రారు.