ఇంజెక్షన్ ఎవరో చేస్తే సంతకం నేనెందుకు పెట్టాలి?

ప్రశ్న: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి 7 ఏళ్లుగా హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీలో 22 పడకలకు నేనొక్కదాన్నే. తోడుగా ఇంకా చదువు పూర్తికాని ఇద్దరు అమ్మాయిలను ఇస్తారు. ఐవీ (నేరుగా నరంలోకి ఇచ్చే) ఇంజెక్షన్లు వాళ్లతో చేయించి, చార్టులో నన్ను సంతకం పెట్టమంటారు. కాదన్నందుకు మా నర్సింగ్ సూపరింటెండెంట్ రోగుల బంధువుల ముందే "నువ్వు చదివి పాసయ్యావా, సర్టిఫికెట్ కొనుక్కున్నావా" అని కేకలు వేశారు. ఆమెపై పోలీసు కేసు పెట్టవచ్చా? రేపు రోగికి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? మానేద్దామంటే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరం చదివాక ఆ కేకల కన్నా ఆ సంతకమే నాకు ఎక్కువ భయం పుట్టించింది. అందుకే మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

రోగి ప్రాణం పోయి కేసు నమోదైతే ముందుగా చేతిలోకి తీసుకునేది కేస్ షీటు. రాత్రి 2 గంటల గడిలో మీ సంతకం ఉంటే, ఆ మందు ఇచ్చింది మీరేనని కాగితం చెబుతుంది. ఆ సమయానికి మీరు మరో పడక దగ్గర సెలైను మారుస్తున్నారని, సిరంజి పట్టింది చదువుకుంటున్న అమ్మాయి అని అప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. వైద్యం చేస్తుండగా అలా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠ శిక్ష 2 ఏళ్లే. ఆ తగ్గింపు మెడికల్ రిజిస్టరులో పేరున్నవారికే పరిమితం. నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన మీరు అందులోకి రారు. ఒకే రోగి మంచం దగ్గర నిలబడే ఇద్దరిలో తక్కువ జీతం అందుకునే మనిషికి పెద్ద శిక్ష రాసిపెట్టడం నా దృష్టిలో అన్యాయమే. కానీ చట్టం నేటికి అలాగే ఉంది.

మరి పని పురమాయించినవారు తప్పించుకుంటారా? తప్పించుకోలేరు. ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో నర్సు ఇచ్చిన ఇంజెక్షన్ వికటించి ఒక బిడ్డ మెదడు దెబ్బతిన్న కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కింది మనిషికి చేతకాదని తెలిసీ బాధ్యత అప్పగించడం కూడా నిర్లక్ష్యం కావచ్చని అందులో స్పష్టంగా చెప్పింది. బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని సమర్థించింది. అయితే అది వినియోగదారుల కేసు. పరిహారం ఆసుపత్రి కడుతుంది. క్రిమినల్ కేసులో మాత్రం ఎవరి పాత్రకు వారే జవాబు చెప్పుకోవాలి.

కాబట్టి మీరు చేయని ఇంజెక్షన్‌కు ఈ రాత్రి నుంచే సంతకం ఆపండి. నోటితో కాదంటే పొగరు అంటారు, కాగితం మీద కాదంటే బదులివ్వక తప్పదు. నాలుగు వాక్యాలు చాలు: "ఫలానా తేదీ రాత్రి 22 పడకలకు నేనొక్కదాన్నే రిజిస్టర్డ్ నర్సును. చదువు పూర్తికాని విద్యార్థినులతో, నా పర్యవేక్షణ లేకుండా, ఐవీ ఇంజెక్షన్లు చేయించమన్నారు. ఇది రోగులకు ప్రమాదం. అదనంగా ఒక నర్సును ఇవ్వగలరు." సూపరింటెండెంట్‌కు ఇచ్చి మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఆమె కాగితం తీసుకోకపోతే యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాలను చెరపకండి, ఆ ఫోను మార్చకండి. ఒక్క జాగ్రత్త: కోపంలో రోగుల కేస్ షీట్లు ఫొటో తీయవద్దు. రోగి వివరాలు బయటపెట్టారంటూ మీ మీదికే తిప్పుతారు. పడక నంబరు, సమయం మీ డైరీలో రాసుకుంటే సరిపోతుంది.

ఇక కేకల సంగతి. పర్కాల నుంచో ములుగు నుంచో వచ్చి మిమ్మల్ని నమ్మి "సిస్టర్" అని పిలిచే మనుషుల ముందు ఆ మాట పడడం చిన్న గాయం కాదు. అయినా పోలీసు కేసు నిలవడం కష్టమనే చెప్పాలి. సికింద్రాబాదులోని ఒక సంస్థ నుంచి వెళ్లిన కేసులోనే, పని విషయంలో పై అధికారి మందలింపు ఉద్దేశపూర్వక అవమానం కిందికి రాదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటల్లో కులం పేరు ఉండి మీరు ఎస్సీ, ఎస్టీ అయి, ఆమె కాకపోతే దారి వేరు: నలుగురి ఎదుట జరిగిన దూషణకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. లైంగికమైన మాట, చేష్ట ఉంటే పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం 3 నెలల్లోగా అంతర్గత కమిటీకి రాయాలి. ఈ రెండూ లేకపోతే, ఆ దూషణను కూడా పైన చెప్పిన ఫిర్యాదులోనే తేదీతో, మాట పొల్లుపోకుండా చేర్చండి. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. దాని ముందు పెట్టమని అడగండి.

సర్టిఫికెట్లు మీ సొత్తు. వాటిని తాకట్టు సరుకులా అట్టిపెట్టుకునే హక్కు యాజమాన్యానికి లేదు. రాజీనామా కన్నా ముందే, తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. 15 రోజుల్లో ఇవ్వకపోతే లాయరు నోటీసు పంపించాలి. ఖర్చుకు జంకకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు లాయరు ఉచితం. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా హనుమకొండ కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థను కలవవచ్చు. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీ, చివరి 3 నెలల డ్యూటీ వివరాలు వెంట తీసుకెళ్లండి.