సాయంత్రం కల్లా అంటే సాయంత్రం దాకా కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆ తెలుగు కథకు నువ్వు చేసిన ఇంగ్లీషు అనువాదం అందింది, చదివాను. వాక్యం నడపడం నీకు చేతనవును, అందులో సందేహం లేదు. కాలం చెప్పాల్సిన చోటల్లా మాత్రం తడబడ్డావు. ఈ ఉత్తరం దాని గురించే, మిగతావి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

మొదటి పేజీలోనే తండ్రి పొలానికి వెళ్తూ ‘సాయంత్రం కల్లా వచ్చేస్తా’ అంటాడు. నువ్వు ‘ఐ విల్ కమ్ టిల్ ఈవెనింగ్’ అన్నావు. కల్లాకీ దాకాకీ తేడా నీకు తెలియనిది కాదు కదమ్మా! గడువులోపు ఎప్పుడో ఒకప్పుడు జరిగిపోయే పనికి ‘బై’, గడువు వరకూ సాగే పనికి ‘టిల్’. సాయంత్రం దాకా పొలంలోనే ఉంటాడు, సాయంత్రం కల్లా ఇంటికొస్తాడు. ఇక్కడ తెలుగే నీకు దారి చూపిస్తోంది, నువ్వే దాని మాట వినలేదు.

చిక్కంతా తెలుగులో ఒకే మాట రెండు పనులు చేసే చోట. ‘2019 నుంచి ఇక్కడే ఉంటోంది’, ‘ఐదేళ్ల నుంచి ఇక్కడే ఉంటోంది’ అని రెండింటికీ మనం ‘నుంచి’తో సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషులో మొదలైన రోజు చెప్తే ‘సిన్స్’, గడిచిన కాలం చెప్తే ‘ఫర్’. నువ్వు ‘షి ఈజ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాశావు. ఇందులో ‘సిన్స్’ని ‘ఫర్’ చేసి ఊరుకుంటే సగం పనే అవుతుంది. ‘ఉంటోంది’ అని మనం అంటాం కాబట్టి ‘ఈజ్ లివింగ్’ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అప్పుడెప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తున్నదానికి ‘హాజ్ బీన్ లివింగ్’ కావాలి. మన పత్రికల ఇంగ్లీషులో కూడా ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకు.

‘క్రితం’ ఇంకా మాయలాడి. నీ కథ 1977 నవంబరు దివిసీమ ఉప్పెన రోజుల్లో నడుస్తుంది. ముసలమ్మకు నలభై ఏళ్ల క్రితం పెళ్లయిందని కథకుడు చెప్తాడు. నువ్వు ‘ఫార్టీ ఇయర్స్ అగో’ అన్నావు. ‘అగో’ లెక్క చెప్పేవాడి ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్తుంది. ఈ కాలం పాఠకుడు అలాగే లెక్కేస్తే ఆమె పెళ్లి ఉప్పెన తర్వాత జరిగినట్టు తేలుతుంది! అక్కడ ‘ఫార్టీ ఇయర్స్ ఎర్లియర్’ ఉండాలి. అదే మాట ముసలమ్మ తన నోటితో అంటే ‘అగో’నే సరైనది, ఎందుకంటే ఆమె ఇవాళ 1977లో ఉంది. ‘మర్నాడు’ కూడా ఇలాంటిదే. కథకుడు చెప్తుంటే ‘ది నెక్స్ట్ డే’, పాత్ర ‘రేపు’ అంటేనే ‘టుమారో’. ప్రతి వాక్యం దగ్గరా ఈ మనిషి ఏ రోజున నిలబడి మాట్లాడుతున్నాడో చూసుకో. వ్యాకరణ పుస్తకంలో పట్టిక బట్టీ పట్టడం కన్నా నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

‘మొన్న బజార్లో కనిపించాడు’ అన్నదాన్ని ‘డే బిఫోర్ ఎస్టర్‌డే’ చేశావు. ఆ మొన్న నిన్నకు ముందురోజు కాదు, మొన్నామధ్య. ‘ది అదర్ డే’ చాలు.

ఇక పొద్దు సంగతి. మనకు నాలుగింటికే సాయంత్రం అయిపోతుంది, ఇంగ్లీషువాళ్లకి అది ఇంకా ‘ఆఫ్టర్‌నూన్’. మన ‘రాత్రి రెండింటికి’ వాళ్లకి ‘టూ ఇన్ ది మార్నింగ్’. తెల్లవారుజాముని ‘ఎర్లీ మార్నింగ్’ అంటే వెలుతురు వచ్చేసినట్టుంటుంది. చీకటింకా విడకపోతే ‘బిఫోర్ డాన్’ అను. తెలతెలవారుతుంటే ‘ఎట్ డాన్’. ‘ఎర్లీ మార్నింగ్’ని పొద్దున్నేకి దాచుకో. రోజు మారేచోట ఇంకా జాగ్రత్త. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, మన మాటలోనూ శనివారం రాత్రి తెల్లారేదాకా శనివారమే. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే తిరిగిపోతుంది. 00.20 అని టికెట్ మీద చూసి, ఒక రోజు ఆలస్యంగా స్టేషనుకు పోయేవాళ్లు అందుకే ఉంటారు. నీ కథలో శనివారం రాత్రి ఒంటిగంటకు తలుపు తట్టిన మనిషి ఇంగ్లీషు లెక్కలో ఆదివారం వచ్చినట్టు.

పాము కరిచిన ఘట్టంలో ‘డాక్టరు టైముకి వచ్చాడు’ అన్న వాక్యం ఉంది. నువ్వు ‘ఆన్ టైమ్’ అన్నావు. అంటే చెప్పిన గంటకు వచ్చాడని, రైలు వేళకొచ్చినట్టు. మూలంలో డాక్టరు సమయానికి అందుకోబట్టి పిల్లాడు బతికాడు. అది ‘ఇన్ టైమ్’. ఈ ఒక్కటి మారిస్తే ఆ పేజీ ఊపిరి పోసుకుంటుంది.

‘టుడే మార్నింగ్’, ‘ఎస్టర్‌డే నైట్’ గురించి అడిగావు. పాత్రల నోట ‘దిస్ మార్నింగ్’, ‘లాస్ట్ నైట్’ రాయి. గుమస్తా పాత్ర ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాడు కాబట్టి అతని నోట మాత్రం అవే ఉంచు, మన గుమస్తాలు అలాగే మాట్లాడతారు. అతను మీటింగును ‘ప్రీపోన్’ చేసినా దిద్దకు. ఎడిటరు అభ్యంతరం పెడితే పోట్లాడు.

అన్నట్టు, ఎడిటరుకు రాసే ఉత్తరంలో ‘నెక్స్ట్ ఫ్రైడే’ పంపుతానని అనకు. రేపొచ్చే శుక్రవారమా ఆ పైదా అన్నది ఇంగ్లీషు పుట్టుకతో మాట్లాడేవాళ్లకే తేలదు. తేదీ వెయ్యి. అదీ 5/6 అని వేస్తే అమెరికాలో వాళ్లు మే ఆరు అనుకుంటారు. నెల పేరు అక్షరాల్లో రాయి.