మార్జిన్ కాల్ వచ్చింది, దాచుకున్న లక్ష కూడా వేయమంటారా?

ప్రశ్న: ట్రేడింగ్ మొదలుపెట్టి ఐదు నెలలైంది. సొంత డబ్బు లక్ష మార్జిన్‌గా పెట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని, అంటే పది రెట్ల లెవరేజ్‌తో, ఒకే కంపెనీవి పది లక్షల విలువైన షేర్లు కొన్నాను. ధర 3 శాతం తగ్గింది. మార్జిన్ జమ చేయమని బ్రోకర్ నుంచి మెసేజ్ వచ్చింది. మెయింటెనెన్స్ మార్జిన్ (షేర్ల విలువలో నా వాటా అంతకంటే తగ్గకూడని హద్దు) 5 శాతం, అప్పుకు వడ్డీ ఏడాదికి 12 శాతం. అత్యవసరానికి దాచుకున్న లక్ష నా దగ్గరుంది. కంపెనీ మంచిది, ధర మళ్లీ పెరుగుతుందన్న నమ్మకం ఉంది. ఆ లక్ష వేయమంటారా?

జవాబు: వేయకండి. డబ్బు జమ చేయడానికి బదులు ఈరోజే కొన్ని షేర్లు అమ్మి పొజిషన్ తగ్గించుకోండి. ఎందుకో మీ లెక్కలతోనే చెబుతాను.

మీ పది లక్షల్లో తొమ్మిది లక్షలు బ్రోకర్ అప్పు. ధర 3 శాతం తగ్గేసరికి షేర్ల విలువ 9.70 లక్షలకు దిగింది. అప్పు మాత్రం తొమ్మిది లక్షలే ఉంది. అంటే మీ వాటా 70 వేలు. షేరు పోగొట్టుకున్నది 3 శాతం, మీరు పోగొట్టుకున్నది 30 శాతం. విలువ సుమారు 9.47 లక్షలకు దిగితే మీ వాటా 5 శాతం గీత దగ్గరికి వస్తుంది, అక్కడ మిమ్మల్ని అడగకుండానే బ్రోకర్ అమ్మేయవచ్చు. ఇప్పటి ధర నుంచి ఆ గీత 2.3 శాతం దూరంలోనే ఉంది. ఒక షేరు ఒక్కరోజులో అంత కదలడం మామూలు విషయం. పది రెట్లంటే 10 శాతం పడేదాకా ఆగొచ్చని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి కొన్న ధర నుంచి 5.3 శాతం పడగానే ఆట ముగుస్తుంది, అప్పటికే సగానికి పైగా డబ్బు పోయి ఉంటుంది.

కంపెనీ గురించి మీ అంచనా సరైనదే కావచ్చు. సొంత డబ్బుతో కొన్నవాళ్లు 6 శాతం నష్టం చూసి, నెల ఆగి, లాభంతో బయటపడొచ్చు. మీకు ఆగే హక్కు లేదు. నెలాఖరుకు ధర పైకే చేరినా, మధ్యలో ఒక్కసారి ఆ గీత తాకితే మీ షేర్లు అడుగు ధరకు అమ్ముడైపోతాయి. తర్వాతి పెరుగుదల మీది కాదు. ఆగినందుకు కూడా ఖర్చే: తొమ్మిది లక్షలకు నెలకు తొమ్మిది వేల వడ్డీ, మీరు పెట్టిన లక్షలో 9 శాతం. బ్రోకరేజ్ కూడా లక్ష మీద కాదు, పది లక్షల మీద పడుతుంది. కొన్నప్పుడు, అమ్మినప్పుడు 0.05 శాతం చొప్పున అనుకున్నా ఒక్క ట్రేడుకు వెయ్యి.

ఇంకో లక్ష వేస్తే ఏమవుతుంది? అప్పు ఎనిమిది లక్షలకు దిగుతుంది, గీత 13 శాతం దూరం జరుగుతుంది. కానీ అక్కడిదాకా పడితే మీరు పెట్టిన రెండు లక్షల్లో మిగిలేది 42 వేలు. ఈ 42 వేలు కూడా గీత దగ్గరే అమ్మకం జరిగితేనే. ఆ రోజు ఆసుపత్రి ఖర్చో, ఉద్యోగం పోవడమో వస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. నాకు అసలు భయం అదే.

స్టాప్‌లాస్ ఉంది కదా అనొచ్చు. స్టాప్‌లాస్ ధరకు హామీ ఇవ్వదు. ఆ ధర తాకగానే దొరికిన రేటుకు అమ్మమని చెప్పే ఆర్డరు మాత్రమే. రాత్రి చెడు వార్త వచ్చి ఉదయం 12 శాతం కింద తెరుచుకుంటే అక్కడే అమ్ముడవుతుంది. అప్పుడు మీ డబ్బంతా పోయి, బ్రోకర్‌కు బాకీ కూడా పడతారు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరో 1.20 ఫ్రాంకుల కంటే తగ్గకుండా 2011 నుంచి కాపాడుతున్న హద్దును హఠాత్తుగా ఎత్తేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కిందికి పడింది. హద్దుకు కాస్త కింద స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు మధ్యలో కొనేవాళ్లే దొరకలేదు, చాలా ఖాతాలు మైనస్‌లోకి వెళ్లాయి. సీఎఫ్‌డీల్లో (షేరు కొనకుండా దాని ధర కదలిక మీద మాత్రమే లెవరేజ్‌తో చేసే ఒప్పందాల్లో) చిన్న ఇన్వెస్టర్ల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని చెప్పిన ఐరోపా నియంత్రణ సంస్థ ఎస్మా, 2018లో విడి షేర్లకు లెవరేజ్ ఐదు రెట్లు దాటకూడదని కట్టడి చేసింది. మీది దానికి రెట్టింపు.

ఇక చేయాల్సింది. 9.70 లక్షల షేర్లలో 8.30 లక్షల విలువైనవి అమ్మేయండి. మిగిలే పొజిషన్ 1.40 లక్షలు, అప్పు 70 వేలు, మీ వాటా 70 వేలు, అంటే రెండు రెట్లు. నెల వడ్డీ 700కు దిగుతుంది. అదే 5 శాతం నియమం ప్రకారం గీత 47 శాతం దూరానికి పోతుంది. కంపెనీ మీద నమ్మకం ఉంచుకోవడానికి ఈ మాత్రం చాలు. అంతకన్నా మంచిది, మొత్తం అమ్మేసి 70 వేలు వెనక్కి తీసుకోవడం. 30 వేల నష్టాన్ని పూడ్చాలంటే 43 శాతం లాభం కావాలి కాబట్టి తొందరపడి మళ్లీ లెవరేజ్ ఎక్కువ తీసుకోవాలనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త.

ముందుముందు ఎంత కొనాలో లెవరేజ్ చెప్పకూడదు, స్టాప్‌లాస్ దూరం చెప్పాలి. ఒక్క ట్రేడులో ఒక శాతానికి మించి పోగొట్టుకోనని పెట్టుకోండి. 70 వేలకు అది 700. స్టాప్‌లాస్ 4 శాతం దూరంలో ఉంటే 700ను 0.04తో భాగించండి: 17,500. కొనాల్సింది అంతే, చూశారా, అప్పు అవసరమే రాలేదు. స్టాప్‌లాస్‌ను అర శాతానికి దగ్గర చేస్తే లెక్క 1.40 లక్షలు చూపిస్తుంది, కానీ అర శాతం కదలిక ప్రతి గంటా వచ్చేదే, ఊరికే తెగిపోతూ ఉంటుంది. కనీసం 50 ట్రేడులు అప్పు లేకుండా ఇలా చేసి, ఖర్చులన్నీ తీసేశాక లాభం మిగిలిందో లేదో రాసుకోండి.

అమ్మేటప్పుడు ఒక సంగతి. మార్కెట్ తెరిచిన మొదటి కొన్ని నిమిషాల్లో, కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఎక్కువగా ఉన్నప్పుడు, మొత్తం ఒకేసారి మార్కెట్ ఆర్డరు (దొరికిన ధరకు అమ్మే ఆర్డరు) పెట్టకండి. మూడు నాలుగు విడతలుగా, మీరు చెప్పిన ధరకు తగ్గకుండా అమ్మే లిమిట్ ఆర్డర్లతో, అదే రోజు పూర్తి చేయండి. పాత స్టాప్‌లాస్ ఆర్డరు మొత్తం షేర్ల సంఖ్యకు పెట్టి ఉంటే, ముందు దాన్ని మార్చండి. లేకపోతే అది తాకినప్పుడు మీ దగ్గర లేని షేర్లు కూడా అమ్ముడై, మీకు తెలియకుండానే షార్ట్ పొజిషన్, అంటే ఆ షేర్లు తిరిగి కొని ఇవ్వాల్సిన బాకీ, మిగిలిపోవచ్చు.